డెబ్బై రెండో సైజు

డైరెక్టరు గారి సందేశం వచ్చిందంటే డాక్టరు త్రినాథ్ ముందు కుర్చీ లాక్కుని, నాలుగు గుక్కలు మంచినీళ్ళు తాగి, కళ్ళజోడు తుడుచుకుని, అప్పుడు ఫోను చేతిలోకి తీసుకునేవాడు. నిలబడి చదివే సరుకు కాదది. తెరకి ఒక్క అక్షరమే పడుతుంది. వేలితో పైకి తోస్తే రెండో అక్షరం. మళ్ళీ తోస్తే ఒక కామా. ఆ కామా కూడా కొడవలంత ఉంటుంది.

"'శా' అయిపోనాది సార్. తరవాతేటి?" అని అడిగేవాడు సన్యాసి. సీతన్నవలస పశువుల ఆసుపత్రికి డాక్టరు త్రినాథ్ అయితే, మిగతా సిబ్బంది అంతా సన్యాసే.

"'ఖో'."

"శాఖో... శాఖో..."

"ఉండవయ్యా, తోస్తున్నాను కదా."

ఈలోగా ఎవరో మేకని తెచ్చేవారు, త్రినాథ్ దాని కడుపుబ్బరం సంగతి చూసొచ్చి మళ్ళీ తోసేవాడు. అక్షరం అక్షరం ఏరి, గుచ్చి, దండ చేస్తే తేలిందేమిటయ్యా అంటే, 'శాఖోద్యోగులందరికీ శుభోదయం'. అప్పటికి భోజనాల వేళయ్యేది.

ఈ గజాక్షరాలు పుట్టుకతో వచ్చినవి కావు. పశుసంపద శాఖ వారికి పశుగోష్ఠి అని ఇంటర్నెట్టులో ఒక చర్చావేదిక ఉంది. ఫోన్లలో మాట్లాడుకుంటే రేపు సాక్ష్యం ఉండదని, ఇకమీదట ఏం కావాలన్నా అందరూ అందులోనే రాసుకోవాలని పైవారు ఉత్తర్వు వేశారు. జనం రాసుకున్నారు. పొద్దున్నే గులాబీ పువ్వులు, అసిస్టెంటు డైరెక్టరు గారి పుట్టినరోజుకి బారెడు పొడుగున దండాలు, ఎవరిదో గృహప్రవేశం, దాని కింద కోళ్ళ జబ్బు, దాని కింద 'మా దగ్గర రెండు సీసాలున్నాయి, మనిషిని పంపండి' అని జవాబు. చూడ్డానికి సంతలా ఉండేది గానీ అందులోనే పనులన్నీ జరిగిపోయేవి.

అట్లా సాగిపోతూండగా డైరెక్టరు గారు ఏదో కొండ మీది ఊళ్ళో 'సందేశ సంస్కారం' అనే సదస్సుకి వెళ్ళొచ్చారు. వెళ్ళినప్పుడు మామూలు మనిషే. వచ్చి గోష్ఠి తెరిచి చూశారు. పైన తాము పెట్టిన శుభోదయం ఉంది. దాని కిందే ఒక ఎటెండరు 'సార్ జీతాలెప్పుడు' అని రాశాడు. రెండూ ఒకే ఎత్తు అక్షరాలు. డైరెక్టరు గారికి గుండెల్లో కలుక్కుమంది. అక్షరాలన్నీ భుజం భుజం రాసుకుంటూ నిలబడితే ఆఫీసుకీ తిరునాళ్ళకీ తేడా ఏముందని రెండు రోజులు మథనపడి, మూడోరోజు సర్క్యులరు పంపించారు.

'సందేశము యొక్క ఆకృతియే సందేశము యొక్క ఆత్మ. కావున ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఇకపై అక్షర పరిమాణము హోదాను అనుసరించి ఉండవలెను. ఎటెండర్లకు ఆరవ సైజు, మండల డాక్టర్లకు ఎనిమిదవ సైజు, జాయింట్ డైరెక్టర్లకు ముప్పది ఆరవ సైజు. డెబ్బది రెండవ సైజు డైరెక్టరునకు మాత్రమే ప్రత్యేకింపబడినది.'

సన్యాసి ఆరో సైజులో ఒక దండం రాసి చూసుకున్నాడు. ఆవగింజ చల్లినట్టుంది.

"నా అచ్చరాలు నాకే అవుపడట్నేదు సార్. రాసినానో నేదో కూడా తెల్దు."

"పోనీలేవయ్యా, తప్పులు కూడా కనబడవు," అన్నాడు త్రినాథ్. స్వతహాగా నెమ్మదస్తుడు. ఆవు తన్నినా దాని కాలికి దెబ్బ తగిలిందేమోనని ముందు చూసుకునే రకం. పై ఆఫీసు వారి వేషాలకి అతను ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు, మన పని మనకి జరిగితే చాలునని ఊరుకునేవాడు.

రెండో సర్క్యులరు చదవడం గురించి. 'పై అధికారి చదువని సందేశమును కింది అధికారి చదువుట, పంక్తిలో పెద్దలకు వడ్డింపక మునుపే విస్తరిలో చేయి పెట్టుట వంటిది. కావున ఏ సందేశమునైనను మొదట డైరెక్టరు చదివి 'చూచితిని' అని వ్రాయవలెను. తదుపరి జాయింట్ డైరెక్టరు. తదుపరి క్రమముగా కిందివారు.' ఎవరెప్పుడు తెరిచారో గోష్ఠిలో తెలిసిపోతుంది కాబట్టి దొంగచాటుకి వీల్లేదు. జిల్లా ఆఫీసులో ఒక గుమాస్తా పొరపాటున జె.డి. గారి కన్నా ముందు ఒకటి తెరిచాడు. మెమో ఇచ్చారు. చూపు జారి పడిందని సంజాయిషీ రాసుకున్నాడు. చూపును అదుపులో ఉంచుకొనవలెనని హెచ్చరించి వదిలేశారు.

ఇదంతా నవ్వుకునేంత వరకూ బాగానే ఉంది. తొలకరి మబ్బులు పట్టాక పైడితల్లి వచ్చింది.

రొంగలి పైడితల్లికి మొగుడు పోయాడు, పొలం లేదు. ఉన్నదల్లా సుక్క అనే ఒక పాడిగేదె. దాని పాలు నాలుగు టీ కొట్లకి పోసి బతుకుతోంది. ఎప్పుడొచ్చినా ఆసుపత్రి గుమ్మంలోనే చతికిలబడి కబుర్లు మొదలుపెట్టే మనిషి, ఆ రోజు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది.

"డాక్టరు బాబూ, దాసరిపేటలో గేదెలు పడిపోతన్నాయంట. గొంతు కింద ఇంతేసి వాపంట, గురకంట. పొద్దుట జబ్బు, సందేలకి గొయ్యి. నిజవేనా?"

త్రినాథ్ చేతిలో ఉన్న సూది పక్కన పెట్టేశాడు. గొంతువాపు. వానలు మొదలయ్యాయంటే అది ఊరి మీద పడుతుంది. పడ్డాక మందు వేసే వ్యవధి కూడా ఇవ్వదు. ముందే టీకా వేసుకుంటే చెక్కుచెదరదు, వేసుకోకపోతే కొట్టం ఖాళీ. దాసరిపేటకీ సీతన్నవలసకీ మధ్య ఉన్నది ఒక్క గెడ్డ, వానొస్తే పారే చిన్న వాగు. ఏటా మబ్బు పట్టకముందే జిల్లా స్టోరు నుంచి టీకాలు వచ్చేసేవి. ఈ ఏడు అడిగినవారికే ఇస్తామన్నారు, అడగడం గోష్ఠిలోనే అడగాలన్నారు.

"నిజమేనమ్మా. నువ్వు సుక్కని గెడ్డ వైపు తోలకు. నేను మందు తెప్పిస్తాను."

"నాకు సుక్క తప్ప దిక్కు నేదు బాబూ. ఆ సంగతి నీకు తెల్దా."

"తెలుసమ్మా. తెప్పిస్తాను."

అక్కడికక్కడే ఫోను తీసి రాశాడు. 'దాసరిపేటలో గొంతువాపు. సీతన్నవలస గేదెలకి టీకాలు వెంటనే పంపగలరు.' టీ తాగేలోపు జవాబు వచ్చేసింది. సన్యాసి సంబరపడ్డాడు. తీరా చూస్తే అది జిల్లా ఆఫీసు 'ఆకృతి పరిశీలక విభాగం' వారిది. 'మీ సందేశము త్రిప్పి పంపడమైనది. 'విషయము' అను మకుటము లేదు. 'వెంటనే' అను పదము లావుగా నున్నది. లావు అక్షరములకు మీ హోదా అర్హము కాదు.'

లావు తీసేసి మకుటం పెట్టి పంపాడు. 'నమస్కారము' మధ్యకి రాలేదని తిరిగొచ్చింది. మధ్యకి జరిపి పంపాడు. మధ్యకన్నా పిసరు ఎడమకి పోయిందని తిరిగొచ్చింది. నాలుగోసారి పంపితే, 'ఆకృతి నిర్దోషము. చదువుటకు అర్హము' అన్నారు.

"అయితే మందొస్తాదా సార్?"

"చదవడానికి అర్హమైందయ్యా. చదువుతారని కాదు."

చదవలేదు. రెండ్రోజులు చూశాడు. సందేశం ఎనిమిదో సైజులో అట్లాగే పడుంది, ఒక్క చూచితిని లేదు. ఇక లాభం లేదని పొద్దున్న బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు.

లోపలికి అడుగుపెట్టగానే ఎడం చేతి వైపు గదిలో ఆరుగురు గుమాస్తాలు వరసగా కూర్చుని ఫోన్లు తలకిందులుగా పట్టుకుని చూస్తున్నారు. త్రినాథ్ ఆగిపోయాడు.

"ఏం పని చేస్తున్నారండీ?"

"ఆకృతి పరిశీలన," అన్నాడు మొదటివాడు తల ఎత్తకుండా. "మేము సందేశం చదవకూడదు కదండీ, పైవారు ఇంకా చదవలేదు. తిన్నగా పట్టుకుంటే పాడు అలవాటు, రెండు ముక్కలు చదివేస్తాం. తలకిందులుగా పట్టుకుంటే గీతలూ ఖాళీలూ కనబడతాయి, అర్థం తగలదు."

"తగిలితే?"

"మొన్న అతనికి తగిలింది," అంటూ చివర కుర్చీ వైపు చూపించాడు. అక్కడ కూర్చున్నాయన దిగులుగా ఉన్నాడు. తలకిందులుగా చదవడం వచ్చేసిందిట పాపం, రేపో మాపో బదిలీ అట.

జాయింట్ డైరెక్టరు మార్తాండరావు గారు చెడ్డవారేం కాదు. మనిషిని చూస్తే కూర్చోమంటారు, కాఫీ ఇప్పిస్తారు. పెన్షను దగ్గర పడింది కాబట్టి ఊపిరి కూడా రూల్సు చూసుకునే పీలుస్తారు.

"రావయ్యా త్రినాథ్. ఇంట్లో అంతా కులాసా? కూర్చో. వచ్చిన పని మాత్రం చెప్పకు."

"సార్, గేదెలు..."

జె.డి. గారు రెండు చెవులూ మూసుకున్నారు. కాసేపాగి ఒక చెవి మీద చెయ్యి కొంచెం ఎత్తారు. "ఆ మాట నీ సందేశంలో ఉందా?"

"ఉంది సార్."

"అయితే నేను విన్లేదు. డైరెక్టరు గారు చదవనిది నేను విన్నానంటే చదివినట్టే లెక్క. చదివే అధికారం నాకింకా దఖలు పడలేదు."

"మరి డైరెక్టరు గారు ఎప్పుడు చదువుతారు సార్?"

"సందేశ సంస్కారం మీద రెండో సదస్సుకి వెళ్ళారయ్యా. ఈసారి పది రోజులు. అక్కడ ఫోన్లు చూడకూడదట, మనసు చెదురుతుందని."

త్రినాథ్ దారి మార్చాడు. "ఊరికే అడుగుతున్నాను సార్, స్టోరులో టీకాలేమైనా ఉన్నాయా?"

"ఎందుకు లేవు, ఫ్రిజ్ నిండా ఉన్నాయి. ఎవరూ పట్టుకుపోరు. మజ్జిగ పెట్టుకుందామంటే చోటు లేదు," అన్నారు జె.డి. గారు విసుగ్గా. "నువ్వు కాఫీ తాగు."

తాగలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలన్నారు గానీ, ఇక్కడ వరం ఫ్రిజ్‌లోనే ఉంది, పూజారి కాఫీ ఇప్పిస్తున్నాడు, దేవుడు ఫోను చూడ్డం లేదు. బస్సులో వస్తున్నంతసేపూ త్రినాథ్‌కి ఆ ఫ్రిజ్ చప్పుడే చెవుల్లో వినిపించింది.

సీతన్నవలసలో దిగేసరికి సన్నగా వాన. ఊరి చివర గొయ్యి తవ్వుతున్నారు. అప్పలసూరి అనే రైతు గేదెపడ్డకి. మధ్యాహ్నం మేత మానేసిందట, ఇప్పుడు లేదు. త్రినాథ్ తిన్నగా పైడితల్లి ఇంటికి వెళ్ళాడు. ఆమె సుక్కని ఇంట్లోకి తెచ్చి తన మంచం ఉండే చోట కట్టేసింది. తను వంటపాత్రలతో సహా బయట పంచలో కూర్చుంది.

"తెచ్చినావా బాబూ?"

"ఇంకా వాళ్ళు నా రాత చదవలేదమ్మా."

ఆవిడకి అర్థం కాలేదు. ఇంకెవరైనా అయితే తిట్టేవారు. పైడితల్లి నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"సదువు రానిదాన్ని నాను. నాకు తెల్దు గావాల. సదువొచ్చినోలికి సదవడానికేటి బాబూ కట్టం?"

త్రినాథ్‌కి సిగ్గేసింది. తన మీద, తన శాఖ మీద, జేబులో ఉన్న ఆ ఫోను మీద ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. లేచి ఆసుపత్రికి వచ్చేశాడు. కుర్చీలో కూర్చుని, ఫోను తీసి, అక్షరాల సైజు దగ్గర వేలు పెట్టాడు. ఎనిమిది. పద్దెనిమిది. ముప్పై ఆరు. వేలు ఆగలేదు.

"సార్," అన్నాడు సన్యాసి గాబరాగా, "అది ఆ దేవుడి సైజు సార్. మనం ముట్టుకోకూడదు."

"తలుపు దగ్గరికెయ్యి సన్యాసీ. వాన జల్లు పడుతోంది."

డెబ్బై రెండో సైజులో రాశాడు. 'సీతన్నవలసకు టీకాలు తక్షణం పంపుడు.' కింద, ఎంత కోపంలోనైనా అబద్ధం ఆడలేని మనిషి కాబట్టి, 'ఇట్లు, పి. త్రినాథ్, మండల డాక్టరు' అని సంతకం కూడా పెట్టాడు. అదీ డెబ్బై రెండులోనే.

తరవాత జరిగింది ఆ గుమాస్తాలే చెప్పుకుని నవ్వుకున్నారు. తలకిందులుగా పట్టుకున్న ఫోన్లలో తెరకి ఒక్క అక్షరం కనబడగానే ఆరుగురూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారట. సదస్సులో ఫోను చూడకూడదన్నారు గానీ రాయకూడదనలేదు కదా అని జె.డి. గారు నిలబడే 'చూచితిని, శిరసావహించితిని' అని రాశారు. అంతటి అక్షరాల సందేశంలో చివరిదాకా తోసుకుంటూ వెళ్ళి, సంతకం ఎవరిదని చూడ్డం మర్యాదా? ఎవరూ చూడలేదు. దీపాలు పెట్టకముందే శాఖ జీపు హారను కొట్టుకుంటూ సీతన్నవలసలోకి వచ్చింది. ఊళ్ళో ఉన్న గేదెలకి రెట్టింపు టీకాలు, మంచుగడ్డలు, ఎందుకైనా మంచిదని ఒక పూలదండ.

మర్నాడు వానలో తడుస్తూ ఊరూరంతా టీకాలు వేశారు. సుక్క త్రినాథ్ మోకాలి మీద ఒక తాపు తన్నింది. పైడితల్లి దానికి క్షమాపణ చెప్పకపోగా, "సూసినావా బాబూ, ఎంత బలవుందో," అని మురిసిపోయింది. ఆ వానాకాలం దాసరిపేటలో పదింట ఆరు కొట్టాలు ఖాళీ అయ్యాయి. సీతన్నవలసలో అప్పలసూరి గేదెపడ్డ తరవాత ఇంకొక్కటి పోలేదు. ఈ మాట గోష్ఠిలో ఎవరూ రాయలేదు.

సదస్సు నుంచి వచ్చిన డైరెక్టరు గారు గోష్ఠి తెరిచారు. డెబ్బై రెండో సైజు కనబడగానే, తాము రాసిందే అనుకుని ముచ్చటపడి 'చూచితిని' అని పెట్టారు. తాము రాసింది తాము మరొకసారి చదువుకోవడం ఆయనకి అలవాటు. తోసుకుంటూ తోసుకుంటూ చివరికి వచ్చేసరికి అక్కడ త్రినాథ్ ఉన్నాడు.

విచారణ జరిగింది. త్రినాథ్ తప్పు ఒప్పుకున్నాడు. ఊళ్ళో గేదెలు బతికాయని చెప్పబోతే, అది విచారణాంశము కాదన్నారు. అతని సైజు ఎనిమిది నుంచి నాలుగుకి తగ్గించారు. దానికి అతను బాధపడలేదు. ఉత్తర్వులో రెండో పేరా చదివాక బుర్ర తిరిగిపోయింది.

'అర్హత లేని అక్షరములతో వ్రాయబడిన సందేశము మొదటినుండియు చెల్లదు. సందేశము చెల్లనందున టీకాలు మంజూరు కానట్లే. మంజూరు కానందున గేదెలకు టీకాలు వేయనట్లే. అట్లయ్యును టీకా మందు గేదెల దేహములయందు అనధికారికముగా నిలువ ఉన్నట్లు తెలియుచున్నది. సదరు మందును గేదెల వద్దనుండి రాబట్టి స్టోరునకు జమచేయవలెను.'

రాబట్టడానికి జె.డి. గారే స్వయంగా వచ్చారు, ఐసు పెట్టెతో, ఒక గుమాస్తాతో. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదటి ఇల్లు పైడితల్లిది కనబడితే అక్కడ ఆగారు. ఉత్తర్వు గట్టిగా చదివి వినిపించారు. సుక్క నెమరు వేస్తూ విన్నది.

"ఏటంతన్నారీ బాబు?" అంది పైడితల్లి.

"సుక్కకి వేసిన మందు తిరిగి ఇచ్చెయ్యాలట అమ్మా," అన్నాడు త్రినాథ్ నేల చూపులు చూస్తూ.

పైడితల్లి జె.డి. గారిని పైనుంచి కిందికి ఓ మారు చూసింది. ఐసు పెట్టెని చూసింది. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఇచ్చీద్దుం. ఒకల సొత్తు మనకెందుకు? గానీ బాబూ, అది ఒంట్లో ఉండిపోతాదేటి, ఇన్నాల్లూ? పాలల్లోకి దిగిపోయుంతాది. గళాసుడు పాలిస్తాను, తాగీసి అట్టుకెల్లండి."

సన్యాసి గబుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. జె.డి. గారు మాత్రం ఆలోచనలో పడ్డారు.

"ఏమయ్యా త్రినాథ్, శాస్త్రం ఏమంటుంది?"

"వేసిన టీకా వెనక్కి రాదంటుంది సార్."

"రాదని నేనెట్లా రాయను, రాబట్టమని ఉత్తర్వు ఉండగా? పాలు వస్తాయి కదా. వచ్చేది రాస్తాను."

పాలు తాగారు. మీగడ కట్టిన పాలు. మూతి తుడుచుకుని, కళ్ళు అరమోడ్చి, ముప్పై ఆరో సైజులో రాశారు. 'మొదటి విడత వసూలైనది.'

"ఇడతేటి బాబూ?" అంది పైడితల్లి, నవ్వు ఆగిపోయి.

విడత అంటే ఏమిటో వారం తిరక్కుండా తెలిసింది. డైరెక్టరు గారికి ఆ మార్గం ఎంతో నచ్చింది. 'టీకా ప్రతిగ్రహణ పథకం' అని పేరు పెట్టి రాష్ట్రమంతా అమలు చేశారు. టీకా వేసుకున్న ప్రతి గేదే వారానికి ఒక పూట పాలు శాఖకి జమ కట్టాలి. మందు పూర్తిగా దిగినట్టు ఆకృతి పరిశీలక విభాగం ధ్రువపరిచేదాకా. ఆ విభాగం వారు పాలని రోజూ రెండు పూటలా పరిశీలించేవారు. కాఫీగా ఒకసారి, పెరుగుగా ఒకసారి. ఇంకా దిగలేదనే ధ్రువపరిచేవారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూశారూ, సీతన్నవలస సంగతి అదే అయింది. శాఖ క్యాన్లు గుమ్మాల్లోకి వచ్చినప్పుడల్లా జనం త్రినాథ్ వైపు చూసేవారు. తిట్టేవారు కాదు, చూసేవారంతే. అతను నాలుగో సైజులో అభ్యంతరాలు రాస్తూనే ఉన్నాడు. ఆ సైజు అక్షరాలు చదవడానికి మనిషి కన్ను చాలదు. పాలవాళ్ళ వీధిలోంచి వెళ్ళడం మానేసి, చుట్టూ తిరిగి ఆసుపత్రికి పోయేవాడు.

మరుసటేడు చినుకు పడకముందే, అడగకుండానే, జీపు నిండా టీకాలు దిగాయి. ఎన్ని టీకాలు పడితే అన్ని పాలు కదా. వెంట జె.డి. గారి తాకీదు కూడా వచ్చింది. ఏ ఊళ్ళో ఎన్ని గేదెలకి వేశారో గోష్ఠిలో రాయవలెను, పాలక్యాన్లు ఆ ప్రకారం పంపెదము.

త్రినాథ్, సన్యాసి ఐసు పెట్టె మోసుకుంటూ ఊళ్ళోకి వెళ్ళారు. ఏ వాకిట్లో చూసినా ఖాళీ గుంజ. పేడ మాత్రం పొగలు కక్కుతోంది.

"గేదెలేవి సూరీ?" అని అడిగాడు అప్పలసూరిని.

"గేదెలా? మావూల్లో గేదెలెక్కడివి బాబూ," అన్నాడు అప్పలసూరి. అతని ఇంటి వెనక నుంచి గేదె అరిచింది. అప్పలసూరి గట్టిగా దగ్గాడు. అది మళ్ళీ అరిచింది. అతను మళ్ళీ దగ్గాడు.

త్రినాథ్ రచ్చబండ మీద ఐసు పెట్టె దింపి, దాని మీదే కూలబడ్డాడు. కొండల మీద మబ్బు నల్లగా దిగుతోంది. ఈ వానకి దాసరిపేట గెడ్డలో నీళ్ళొస్తాయి, ఆ వెనకే జబ్బు వస్తుంది. క్రితం ఏడు గేదెలుండి మందు లేదు. ఈ ఏడు మందుంది, వేయించుకునే గేదె లేదు. ఆ రోజు ఆ అక్షరాలు రాసి ఉండకపోతే బాగుండేదా అని కూడా అనిపించింది. రాయకపోతే సుక్క ఉండేది కాదు.

ఎంతసేపు కూర్చున్నాడో, ఎదురుగా పైడితల్లి వచ్చి నిలబడింది.

"ఇలగ కూకుంటే మంచు కరిగిపోదా బాబూ?"

"ఏం చెయ్యనమ్మా. వేస్తే మీ పాలు పట్టుకుపోతారు. వెయ్యకపోతే..."

"ఎయ్యి. మందు నువ్వెయ్యి. ఏసినట్టు మాత్రం ఆలకి సెప్పకు. అంతే గదా."

త్రినాథ్ తలెత్తాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేసిన పని రాయకుండా ఉండవచ్చన్న ఆలోచన అతనికి ఎప్పుడూ రాలేదు. మంజూరు చేస్తే రాశాడు, చెయ్యకపోతే రాశాడు, తప్పు చేసి కూడా కింద సంతకం పెట్టాడు. సన్యాసి వైపు చూశాడు. సన్యాసి అప్పటికే సూదుల డబ్బా తెరిచేశాడు.

పైడితల్లి వీధి మొగలో నిలబడి ఒక కేక పెట్టింది. గడ్డివాముల వెనక నుంచి, జీడితోటలోంచి, వంటిళ్ళలోంచి, ఒకరి పడగ్గదిలోంచి కూడా గేదెలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వాన పెద్దదయ్యే లోపల ఊళ్ళో గేదెలన్నిటికీ టీకాలు పడిపోయాయి. చివరికి సుక్క వచ్చింది. ఈసారి తన్నలేదు.

అప్పుడు త్రినాథ్ చేతులు కడుక్కుని, పైడితల్లి పంచలో కూర్చుని, ఫోను తీశాడు. మకుటం పెట్టాడు, గీత గీశాడు, నమస్కారం సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టాడు. నాలుగో సైజులో రాశాడు. 'సీతన్నవలస గ్రామమున గేదెలు లేవు. మంచు కరిగినందున టీకాలు పారబోయడమైనది.' నిమిషంలో జవాబు వచ్చింది. 'ఆకృతి నిర్దోషము.'

"ఏటి రాసినావు బాబూ?" అంది పైడితల్లి, సుక్క మెడ తాడు విప్పుతూ.

"మీ ఊళ్ళో గేదెలే లేవని రాశానమ్మా."

"ఆలేటన్నారు?"

"బాగా రాశావన్నారు."

పైడితల్లి సుక్క వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇన్నావేటే? నువ్వు నేవంట. పద, మేతకెల్దాం."